రాత్రి దొరకని వేసవి

స్క్రిప్టులో మొదటి వాక్యమే తప్పు రాశాను:
"చీకటి. ఒకడు పడవ దొంగిలిస్తున్నాడు."
జూన్ నెలలో, ఇనారి సరస్సు ఒడ్డున
చీకటెక్కడిది?
రాత్రి పన్నెండైనా సూర్యుడు
పనీపాటా లేని చుట్టంలా
అడవి అంచున కూర్చుని కదలడు.

యాల్మరి తాడు విప్పుతుంటే
వాడి ముక్కు మీది మచ్చలు లెక్కపెట్టొచ్చు.
దారిన పోయే ముసలాయన ఆగి
"ఏమైనా పడ్డాయా?" అనడిగాడు, చేపల గురించి.
"చూశావా ఐనిక్కీ, నా దొంగతనం ఎంత బాగుందో!"
అన్నాడు యాల్మరి, దోమని చంపుకుంటూ.

సరే, రాత్రిని వెతుక్కుంటూ వెళ్దాం అన్నాను.
నోరు జారానంతే. వాడు సంచీ సర్దేశాడు.

చేతిలో చిల్లిగవ్వ లేదు.
సువోనెన్‌యోకిలో మూడు వారాలు వంగిన నడుం ఎత్తకుండా
స్ట్రాబెర్రీలు కోశాం.
యజమాని కిలోల్లో లెక్కేసేవాడు, నేను షాట్లలో.
ఈ బుట్ట మెమరీ కార్డు,
ఆ తొమ్మిది బుట్టలు హెల్సింకీ దాకా బస్సు,
ఇదిగో, ఈ నలిగినవి మాత్రం రాత్రి భోజనం.
గోళ్ళ కింద ఎరుపు ఎంత తోమినా వదల్లేదు.
క్లోజప్‌లో వాడి చేతులు
పడవ కంటే పెద్ద నేరమేదో చేసొచ్చినట్టున్నాయి.
ఉండనీలే అని ఉంచేశాను.

మైకుకి గాలి తగలకుండా మా తమ్ముడి ఉన్ని మేజోడు.
క్లాపు కొట్టడానికి ఆవిరిగదిలోంచి పీక్కొచ్చిన చెక్క,
వేడెక్కితే ఇప్పటికీ చెమట వాసన.

టాలిన్‌లో యాల్మరి వాళ్ళ పిన్ని
భోజనం పెట్టింది, పడుకోవడానికి చాపిచ్చింది,
నేను స్నానం చేసొచ్చేలోగా
వాడి జుట్టు కత్తిరించేసింది.
నా దొంగ పడవెక్కేటప్పుడు జుట్టు భుజాల దాకా,
దిగేటప్పుడు చెవుల పైకి!
ఆ రోజు నేను ఏడ్చిన మాట
వాడింకా అందరికీ చెబుతూనే ఉన్నాడు.
మర్నాడు పాతబట్టల కొట్లో ఒక టోపీ కొన్నాం.
కథలో టోపీ లేదు. రాశాను.

పర్ను దగ్గర పదకొండున్నరకి నీలం.
రీగా బస్టాండులో కాస్త ముదురు నీలం,
దానికీ వీధిదీపాలు అడ్డం.
దక్షిణానికి పోయేకొద్దీ
రాత్రి గుప్పెడు గుప్పెడు చొప్పున
అప్పు తీర్చినట్టు చేతికొచ్చింది.

నిడాలో, ఇసుకదిబ్బల వెనక,
ఒంటిగంటకి
చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు.
ఆనందంతో ఇద్దరం గెంతాం.
తర్వాత గుర్తొచ్చింది, పడవ లేదు.

జాలరి యుర్గిస్ గారు మా సైగలన్నీ విని, చూసి,
మనవరాలితో చెప్పించారు:
"దొంగిలించేవాళ్ళు నన్నెందుకు అడగడం?"
అయినా ఇచ్చారు. ఒక్కటే షరతు,
పడవ పోగొట్టుకున్నవాడి వేషం తనకే కావాలట.

ఒక్క టేక్.
యాల్మరి తెడ్డు వేశాడు, నీళ్ళు నల్లగా విడిపోయాయి,
ఒడ్డు మీంచి ముసలాయన చేతులూపుతూ ఒకటే అరుపు.
కోపం అంటే అదీ అనుకున్నాను,
బండరాయి దొర్లినట్టున్న ఆ లిథువేనియన్ మాటలకి
నా ఒళ్ళు జలదరించింది.

సబ్‌టైటిళ్ళ కోసం పొద్దున్నే మనవరాలినడిగాను.
ఆ పిల్ల పకపకా నవ్వి చెప్పింది:
"స్వెట్టరేదిరా పిచ్చోడా, నీళ్ళ మీద చలి!
గట్టు పక్క నుంచే పో,
అవతల లోతు!"

నా దొంగల సినిమా అక్కడ చెడిపోయింది.
లేక అక్కడ మొదలైందేమో, నాకింకా తెలీదు.
పదకొండు నిమిషాల్లో
నేను రాయని ఆ రెండు ముక్కల దగ్గరే
ప్రతిసారీ మౌస్ మీద చెయ్యి ఆగిపోతుంది.

ఆగస్టు చివర్లో ఇనారిలో బస్సు దిగాం.
సరస్సు మీద, అడవి మీద, మా పాత పడవ మీద
కావలసినంత రాత్రి, ఉచితంగా.
కెమెరాలో ఛార్జింగు లేదు.
రేపట్నించి పెట్రోలు బంకులో నా డ్యూటీ.
యాల్మరి టోపీ తీసి తల గోక్కున్నాడు.
జుట్టు మళ్ళీ పెరుగుతోంది.